ఊటచెంబు ఖరీదు: ఒక మాయావస్తువుకు పదేపదే ధర కట్టిన వైనం

ఈ కేసులోని వస్తువు ఒక చెంబు. మూత తీసి మంత్రపదం పలికితే, ఆపమని చెప్పేంతవరకూ అందులోంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. పాచికలు వేస్తూ కథలోని పాత్రలను నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్‌లో దీని మూలరూపానికి 9,000 బంగారు నాణేలని ధర వేసి ఉంది. తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దెమీది గదిలో ఆదివారాలు నడిచే ఆటలో నేను దానికి ‘ఊటచెంబు’ అని పేరు మార్చి, ధరను మాత్రం మార్చకుండా, పెద్దగా ఆలోచించకుండా ఐదుగురు ఆటగాళ్ల చేతికిచ్చాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ ఒక్క చెంబును దిద్దుకోవడంతోనే సరిపోయింది. సొంతంగా మాయావస్తువులు తయారుచేసుకునే గేమ్ మాస్టర్లకు (ఆటలో కథను నడిపేవారికి) పనికొస్తుందని ఆ దిద్దుబాట్లను ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మా ఆటలోని లోకం విజయనగర కాలపు రాయలసీమను పోలి ఉంటుంది. గొలుసుకట్టు చెరువులు, కొండకోటలు, వానకోసం ఎదురుచూసే ఊళ్లు అందులో ఉంటాయి. బంగారు నాణేన్ని వరహా అనీ, అందులో పదోవంతైన వెండి నాణేన్ని రూక అనీ, నూరోవంతైన రాగి నాణేన్ని కాసు అనీ పిలుచుకుంటాం. నిజానికి చరిత్రలోని వరహా సుమారు 3.4 గ్రాములే, ఆట నియమాల ప్రకారం 50 నాణేలు ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాములు, తూగుతాయి కాబట్టి మా వరహా 9 గ్రాముల పైమాటే. ఇంత బరువైన వరహాను చూస్తే రాయలవారి టంకశాల అధికారి ఏమనేవాడో గాని, మా టేబుల్ మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ముందుగా ఆ ఎడిషన్‌లో ధరలు ఎలా కడతారో కొంత చెప్పాలి. కత్తికి కలిసే బోనస్‌ను వర్గం చేసి 2,000తో గుణిస్తారు. అందువల్ల +1 బోనస్‌కు 2,000, +2కు 8,000, +3కు 18,000 అవుతుంది. కవచానికైతే అదే వర్గాన్ని 1,000తో గుణిస్తారు. ఏదైనా మంత్రాన్ని వస్తువులో ఇమిడ్చినప్పుడు మంత్రం స్థాయినీ, దాన్ని వేసేవాడి స్థాయినీ గుణించి, వచ్చినదాన్ని ఒక్కసారికి పనికొచ్చే పత్రానికి 25తోనూ, తాగే మందుకు 50తోనూ, యాభైసార్లు పనిచేసే దండానికి 750తోనూ, మాట పలికినప్పుడల్లా పనిచేసే వస్తువుకు 1,800తోనూ హెచ్చవేస్తారు. కత్తుల విషయంలో ఈ పద్ధతి చక్కగా నిలబడుతుంది. ‘ఎన్నిసార్లయినా’ అన్న మాట వచ్చినచోటే తడబడుతుంది. చిన్న గాయాలను మాన్పే మంత్రాన్ని దండంగా కొంటే 750 వరహాలు. దాని యాభై ప్రయోగాలూ కలిపి సగటున 275 హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలాన్ని కొలిచే అంకె) తిరిగి వస్తాయి. అదే మంత్రాన్ని మాటతో పనిచేసే ఉంగరంగా సూత్రంలో వేస్తే 1,800 వస్తుంది. అంటే మూడు దండాలకైనా చాలని సొమ్ముకు జీవితాంతం వైద్యం దొరికినట్టే. సూత్రం చెప్పిన అంకెను ఇతర వస్తువులతో పోల్చి సరిచూసుకోవాలని రూల్‌బుక్కే హెచ్చరిస్తుంది కాబట్టి తప్పు పుస్తకానిది కాదు. నేను సరిచూసుకోలేదు, అంతే.

పైగా నేను సూత్రాన్ని వాడను కూడా లేదు. పట్టికలో ఉన్న ధరనే తీసుకున్నాను. ఆటగాళ్ల పాత్రలు అనుభవంతో ఎక్కే మెట్లలో ఐదోదానిలో, అంటే ఐదో లెవెల్‌లో ఉన్నాయి. ఆ లెవెల్‌కు ఒక్కో పాత్ర దగ్గర 9,000 వరహాల ఆస్తి ఉండాలని నియమం. ఐదుగురికీ కలిపి 45,000. అందులో ఐదోవంతు ఖరీదుచేసే చెంబు గుంపుకంతటికీ ఒకటి దొరికితే తూకం తప్పదనుకున్నాను. ఆటగాళ్లు దాన్ని సగం ధరకు అమ్మేసి, వచ్చిన 4,500తో మంచి కవచాలు కొనుక్కుంటారని నా అంచనా. అమ్మకాల్లో సగం ధరే వస్తుందన్నది కూడా ఆ ఎడిషన్ నియమమే.

ఐదుగురిలో ఒక అమ్మాయి వ్యవసాయ కళాశాలలో చదువుతోంది, ఇంకొకతను పలమనేరు వైపు రైతుబిడ్డ. నేను అమ్మకం సంగతి ఎత్తగానే అతను అడ్డుపడ్డాడు.

“సగం ధరకి అమ్మేదానికా అన్నా, రెండు నెల్లు గుహలో పడి సచ్చింది? దీంతో ఎన్నెకరాలు తడస్తాయో ముందర లెక్కెయ్యండి.”

లెక్క వేశాం. చెంబులో మూడు ధారలున్నాయి. పెద్ద ధారకు రౌండుకు 30 గ్యాలన్లు. రౌండంటే ఆరు సెకన్లు, కాబట్టి నిమిషానికి 300 గ్యాలన్లు, మన కొలతలో 1,136 లీటర్లు. ఈ ధార చెంబు పట్టుకున్నవాణ్ని వెనక్కి తోసేంత బలంగా వస్తుందని నియమాల్లో ఉంది, కానీ దాన్ని మనిషే పట్టుకోవాలని ఎక్కడా లేదు. వాళ్లు తూము రాయిలాంటి గుంటరాయిని తొలిపించి చెంబును అందులో బిగించారు. రాత్రింబగళ్లు వదిలితే రోజుకు 16 లక్షల 35 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడువందల ఇరవై పైచిలుకు. ఎండాకాలంలో బిందెలు వరసపెట్టి ట్యాంకరు కోసం కాచుకున్న ఇళ్లనుంచి వచ్చినవాళ్లే అందరూ. ఆ అంకె విన్నాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆపై ఆ అమ్మాయి కాగితం తీసుకుంది. మెట్టపైరుకు పంటకాలం మొత్తానికి సుమారు 500 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే ఎకరాకు 20 లక్షల లీటర్లు పడతాయి. 110 రోజుల్లో చెంబు ఇచ్చే నీటిలో కాలవల్లో ఇంకిపోయేది తీసేసినా 80 ఎకరాలు పండుతాయి. అయితే ఇక్కడ నాకు ఊరట కలిగించే విషయం ఒకటి తేలింది. ఆ ఎడిషన్ సరుకుల పట్టికలో పౌను గోధుమలు ఒక కాసు. రాగులకూ అదే ధర వేసి, ఎకరాకు 800 పౌన్ల దిగుబడి అనుకుంటే ఎకరాకు 8 వరహాలు, 80 ఎకరాలకు 640, రెండు పంటలకు 1,280. పెట్టిన 9,000 తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. ఏడేళ్లలో సాహసికులు ఎన్నిసార్లు చచ్చి బతుకుతారో లెక్కలేదు కాబట్టి, 9,000 అన్న ధర తిండిగింజల లెక్కలో అన్యాయమేమీ కాదు. ఎవరో ఆలోచించి వేసిన ధరలాగే ఉంది.

ఆ ఊరట పది నిమిషాలు కూడా నిలవలేదు. అదే పట్టికలో పౌను అల్లం 2 వరహాలని ఉంది. అల్లాన్ని ఎండబెట్టి శొంఠిగా లెక్కించినా, పాతకాలపు సేద్యమని తగ్గించినా ఎకరాకు 2,000 పౌన్లు వేయక తప్పదని ఆ అమ్మాయి వాదించింది, నేను ఒప్పుకున్నాను. ఐదెకరాలకు పది వేల పౌన్లు, 20,000 వరహాలు. ఒక్క పంటలో, అదీ చెంబు నీటిలో పదోవంతైనా వాడకుండా, చెంబు ఖరీదుకు రెట్టింపు పైన. ఇంత సరుకు ఒకేసారి దిగితే ధర పడిపోతుందని నేను అన్నాను. అందుకు వాళ్లు ఒక్క ఊళ్లోనే కాక రేవుపట్నం దాకా బండ్లు కట్టి నాలుగు సంతల్లో అమ్ముతామన్నారు. మరుసటి రెండు ఆదివారాలు మా గదిలో ఒక్క రాక్షసుడూ కనిపించలేదు. ఎరువు, బండి కిరాయి, కౌలు, ఇవే నడిచాయి. ఆటగాళ్లు సంతోషంగానే ఉన్నారు, ఆ మాట దాచను. కానీ మేం మొదలుపెట్టిన కథ అది కాదు. పైగా గదను తిప్పే పాత్ర ఆడే కుర్రాడు రెండో వారం నుంచి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను మొదట చేసింది అందరూ చేసేదే, ధర పెంచడం. పదింతలు చేసి 90,000 అని రాశాను. ఆ సాయంత్రమే ఆ పొరపాటు బయటపడింది. వస్తువు వాళ్ల దగ్గరే ఉంది. 90,000 వరహాల వస్తువును సగానికి అమ్మితే 45,000, తలా 9,000. అంటే ఒక్క సంతకం మీద అందరి ఆస్తీ రెట్టింపు. అంగట్లో కొనేవాడికి ధర అడ్డుగోడలా పనిచేస్తుంది. దొరికినవాడికి అదే ధర బహుమానమవుతుంది. ఒకే అంకె రెండు విరుద్ధమైన పనులు చేస్తున్నప్పుడు, వస్తువు ఎవరి చేతిలో ఉందో చూడకుండా ఆ అంకెను పెంచడం వల్ల ప్రయోజనం లేదు. ఈ మాట నాకు తొమ్మిదేళ్లు ఆట నడిపాక తెలిసిందంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

రెండోసారి కొత్త ఎడిషన్ వైపు చూశాను. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ఇదే చెంబు ‘అన్‌కామన్’ (కొంచెం అరుదైన వస్తువుల) తరగతిలో ఉంది. ఆ తరగతికి అప్పట్లో 101 నుంచి 500 దాకా ధర సూచించారు, 2024 పుస్తకంలో అది 400 అయింది. ఒకప్పుడు 9,000 పలికిన వస్తువు ఇంత చవకయ్యిందేమిటని ఆశ్చర్యపోయేవారికి రెండు కారణాలు చెప్పవచ్చు. ఐదో ఎడిషన్ మాయావస్తువులను అంగట్లో దొరికే సరుకుగా భావించదు, కాబట్టి అక్కడి ధర ఒక అంచనా మాత్రమే. రెండోది నాకు ఎక్కువ ఆసక్తికరమైనది: అక్కడ ధార మనిషి తర్వాతి వంతు, అంటే తర్వాతి రౌండులో అతని వంతు, మొదలవగానే ఆగిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ పలకాలి. ధరతో పనిలేకుండా, ఒక్క వాక్యంతో, చెంబును కాలవ నుంచి చేతిపనిముట్టుగా మార్చేశారు. ఎంత పొందికైన పని అనుకుని ఆ వాక్యాన్ని తెచ్చి, చెంబు వివరాలు రాసుకున్న మా కార్డు మీద రాసుకున్నాను.

కానీ మా లోకంలో మేమింకా 3.5 కూలిరేట్లు వాడుతున్నాం. నైపుణ్యం అక్కర్లేని కూలీకి రోజుకు ఒక రూక. మూడు షిఫ్టులకు ముగ్గురిని పెట్టి, ఆరు సెకన్లకొకసారి మంత్రపదం పలికిస్తే రోజుకు మూడు రూకలు. ఎనిమిది నెలల అల్లం పంటకు 72 వరహాలు. ఇరవై వేల రాబడికి డెబ్బైరెండు ఖర్చు! మంత్రపదాన్ని రోజుకు 14,400 సార్లు పలికే ఆ కూలీల గొంతుల గురించి ఎవరూ ఆలోచించలేదు. పైగా పలమనేరు కుర్రాడు, “రాత్రిపూట కరెంటొచ్చే టయానికి మా నాయన మోటరు కాడ కూచునేది ఇంతకంటే కష్టం అన్నా” అని నా నోరు మూయించాడు. ఒక నియమం ఒక ఎడిషన్‌లో పనిచేసిందంటే ఆ ఎడిషన్‌లోని మిగతా అంకెలతో కలిసి పనిచేసిందని అర్థం. దాన్ని ఒంటరిగా పెకలించి తెస్తే వేళ్లు రావు.

రోజుకు మూడుసార్లు, సారికి పది నిమిషాలు అన్న పరిమితిని కూడా ఒక వారం ప్రయత్నించాను. సూత్రం ప్రకారం రోజుకు ఒక్కో వాడకానికి ఐదోవంతు ధర కాబట్టి 5,400 అవుతుంది. నీళ్లు ఏడు ట్యాంకర్లకు తగ్గాయి, తూకం కుదిరింది, వస్తువు చచ్చిపోయింది. ఆటగాళ్లు దాన్ని ఎవరూ తలచుకోని సామాన్ల జాబితాలోకి తోసేశారు.

అప్పుడు నేను ఆట పుస్తకాలను పక్కన పెట్టి, మన ప్రాంతంలో నీటికి ధర ఎలా కట్టారో చూశాను. విజయనగర కాలపు తిరుమల శాసనాల్లో, చాలావరకు తమిళంలో ఉన్నవాటిలో, పదేపదే కనిపించే ఏర్పాటు ఒకటుంది. దాత ఆలయ భాండారానికి ఇన్ని పణాలని చెల్లిస్తాడు. ఆ సొమ్ముతో దేవస్థానపు ఊళ్లలో చెరువులూ కాలవలూ తవ్విస్తారు. వాటికింద పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యం ఏటేటా జరుగుతుంది. ఆ ప్రసాదంలో నాలుగోవంతు దాతకు వస్తుంది. సీమలో మరో పద్ధతి దశబంధం: చెరువు కట్టినవాడికో బాగుచేసినవాడికో ఆ ఆయకట్టులో కొంత భూమిని మాన్యంగా ఇచ్చేవారు, పదోవంతన్న అర్థం పేరులోనే ఉంది. రెండుచోట్లా నీటి విలువ ఒకేసారి చెల్లించే మొత్తంగా కాక ఏటేటా వచ్చే వాటాగా తేలుతుంది. ఆ వాటా పొందాలంటే ఊరితోనో గుడితోనో ఒప్పందం ఉండాలి. నా చెంబుకు లేనిది అదే. దాని నీళ్లు ఎక్కడినుంచీ రావు, అందువల్ల వాటిగురించి ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు.

మూడో రూపంలో నీళ్లకు ఒక చోటు పెట్టాను. ఊటచెంబు నీటిని సృష్టించదు. క్రోసెడు దూరంలోపు భూగర్భంలో ఉన్న నీటిని లాగుతుంది. పెద్ద ధారను పగలంతా వదిలితే ఆ పరిధిలోని ప్రతి బావిలోనూ మట్టం ఒక అడుగు దిగుతుంది, వాన పడేదాకా తిరిగి పెరగదు. నలభై అడుగుల బావి నలభై రోజులకు ఎండిపోతుంది. వెయ్యి అడుగులు దాటిన బోర్లున్న జిల్లాలో ఈ నియమాన్ని ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు. పక్కవాడు లోతుగా వేసిన బోరు మన బోరును ఏంచేస్తుందో అందరూ చూసినవారే.

ధర మాత్రం మళ్లీ తప్పుగా వేశాను. ఫలానా వృత్తివారికే పనిచేసే వస్తువుకు 3.5 ఎడిషన్‌లో 30 శాతం తగ్గింపు ఉంది. ఇదీ ఒక ఇబ్బందే కదా అని అదే తగ్గింపు ఇచ్చి 6,300 అని రాశాను. కొత్త చెంబుతో అల్లం తోట మూడు వారాల్లో ఊరి పంచాయితీకి ఎక్కింది, అది నేను కోరుకున్నదే. కోరుకోనిది ఆ తర్వాత జరిగింది. శత్రువుల కొండకోట ఒకటి ముట్టడించాల్సి వచ్చింది. చంద్రగిరి కోటను మనసులో పెట్టుకుని గీసిన కోట అది. గోడలు, కందకం, కాపలా అన్నీ నెల రోజులు కూర్చుని రాసుకున్నాను. ఆటగాళ్లు కోటకు ముప్పావు క్రోసు దూరంలో గుడారం వేసి, చెంబు మూత తీసి, నీళ్లను వాగులోకి వదిలేసి, చీట్లపేక ఆడుకుంటూ కూర్చున్నారు. ఇరవై ఐదో రోజుకు కోటలోని బావులు అడుగంటాయి. ఇరవై ఎనిమిదో రోజు తలుపులు తెరుచుకున్నాయి. ఒక్క బాణం పడలేదు.

తగ్గింపు ఎందుకు తప్పో అప్పుడు స్పష్టమైంది. వృత్తి నిబంధన కొన్నవాడినే కట్టిపడేస్తుంది, అందుకే అతనికి ధర తగ్గించడం న్యాయం. బావులు ఎండటం కొన్నవాడికి నొప్పి కాదు, చుట్టుపక్కలవారికి నొప్పి. ఇరుగుపొరుగును లక్ష్యపెట్టనివాడికి అది లోపమే కాదు, శత్రువు మీదికి తిప్పగలవాడికి అది అదనపు బలం. అలాంటి లక్షణానికి తగ్గింపు ఇవ్వడమంటే దుర్మార్గుడికి రాయితీ ఇచ్చినట్టే. 9,000ను తిరిగి పెట్టాను. సేనాపతి కొనాలనుకుంటే ఎంతకైనా కొంటాడు గనుక, రాజ్యాల మధ్య దాని వెల వేరే ఉంటుందని కార్డు మీద ఒక వాక్యం చేర్చాను, అంకె వేయలేదు.

కార్డు వెనుక ఏటి రాబడి అన్న పంక్తి కొత్తగా వచ్చింది. ఊరి ఒప్పందంతో చెరువులోకి వానాకాలంలోనే వదిలితే, దానివల్ల పెరిగిన పంటలో పదోవంతు చెంబు యజమానిది. రాగుల లెక్కలో ఏటికి సుమారు 128 వరహాలు. ఐదో లెవెల్ పాత్రలకు అది గొప్ప సొమ్మేమీ కాదు. కానీ ప్రతి ఏడూ కళ్లం దగ్గరికి వెళ్లి వాటా అడగాలి, చెరువు నీళ్లు పంచే నీరుగంటితో మాటపట్టింపులు తెచ్చుకోవాలి, చెంబును ఎవరో ఒకరికి అప్పగించి సాహసాలకు పోవాలి. మా ఆటగాళ్లు ఈ ఒప్పందం కుదుర్చుకోవడానికి రెండు సెషన్లు తీసుకున్నారు. గద కుర్రాడు కూడా ఫోన్ పక్కన పెట్టి, పంచాయితీలో ఊరిపెద్దకు ఎదురుగా కూర్చున్నాడు.

ఆ రెండో సెషన్ చివర కార్డును శుభ్రంగా తిరగరాసి టేబుల్ మీద పెట్టాను. అందరూ ఒకసారి చదివారు. వ్యవసాయ కళాశాల అమ్మాయి రెండోసారి చదివి, మొదటి పంక్తి మీద వేలు పెట్టింది. మూలరూపంలో ఉన్న వాక్యాన్ని నేను ఆలోచించకుండా అలాగే దించాను: మంచినీరు గాని ఉప్పునీరు గాని, కోరినట్టు.

“అన్నా, ఉప్పునీళ్లు ఎక్కణ్నుంచి లాగుతుంది? బావుల్లో ఉండవు గదా. అయితే వాటికి లెక్క లేదా?”

పట్టికలో పౌను ఉప్పు 5 వరహాలు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. రోజుకు 16 లక్షల 35 వేల లీటర్లంటే 57 టన్నులు, 1,26,000 పౌన్లు, 6,30,000 వరహాలు. ఆ ఎడిషన్‌లో ఇరవయ్యో లెవెల్ పాత్ర జీవితమంతా కూడబెట్టాల్సిన ఆస్తి 7,60,000. పలమనేరు కుర్రాడు అప్పటికే ఉప్పుమడి గీయడం మొదలుపెట్టాడు. నేను పెన్ను తీసుకుని కార్డు మీద ‘గాని ఉప్పునీరు గాని, కోరినట్టు’ అన్న మాటలను కొట్టేసి, పక్కన తేదీ వేశాను.